దివి తాలూకా చరిత్ర



తాలూకా అనుమాట వినినంతనే మీలో అనేకులకు కచేరీయు, తహశీల్దారును, జమాబందియు జ్ఞప్తికి వచ్చును. ఆ తాలూకాలు నేడు లేవు. 1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వానిని తీసివేసి మండలములను ఏర్పరచినది. తిరువూరు తాలూకా అట్లే పోయినది. నెమలి గ్రామము గంపలగూడెము మండలమున చేరినది. ఆ మార్పులోనే కృష్ణాజిల్లా దక్షిణపుకొనను సముద్రము ప్రక్కనున్న దివి తాలూకాయు పోయినది. కాని కచేరీ పోయినను ఆ సీమపేరు పోలేదు. ఏల పోలేదో మీకు మనవిచేయుటయే నేటి నా ప్రసంగము.

మీ మెట్టప్రాంతమునకు ఆ దీవితో సంబంధమేమని మీరడుగవచ్చును. నీటి సంబంధము కలదు. కట్టలేరు, వైరా, మునేరు కలసి కడకు కృష్ణను చేరుచున్నవి. ఆ కృష్ణ పులిగడ్డ యొద్ద రెండు పాయలై, నడుమనున్న నేలను చుట్టి సముద్రమున కలియుచున్నది. అట్లు రెండుపాయలకును సముద్రమునకును మధ్య నిలిచిన నేలయే దీవి. దైవసంబంధము కూడ కలదు. నెమలిలో మీరు సేవించు వేణుగోపాలుడే సాగరసంగమమున హంసలదీవిలోను వెలసియున్నాడు.

అచ్చటి యూళ్ల పేర్లను ఒక్కసారి వినుడు: హంసలదీవి, తలగడదీవి, నాగాయలంక, అవనిగడ్డ, పులిగడ్డ. నీటినడుమ నేల దీవి. ఏటినడుమ ఇసుకయు ఒండ్రును చేరి లేచినది లంక. మిట్టగా నిలిచినది గడ్డ. ఏ సర్కారును ఈ పేర్లు పెట్టలేదు. నీటిప్రక్కన బ్రతికినవారు తమ నేలను చూచి పెట్టుకొనినవి. తాలూకా పేరును వానిలోనుండి పుట్టినదే. అవనిగడ్డ దానికి ముఖ్యస్థానము. తాలూకా మాత్రము దీవికంటె పెద్దది. చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ మొదలగు గట్టుభూమి గ్రామములు కూడ దానిలో నుండెడివి.

ఈ సీమ ప్రాచీనమైనది. ఘంటసాలలో బౌద్ధస్తూపము బయల్పడినది. క్రీ.శ. 2వ శతాబ్దిలో యవన భూగోళకారుడు టాలెమీ పేర్కొనిన రేవు ఇదియేనని చరిత్రకారులు గుర్తించిరి. తరువాత నోడవర్తకమునకై వచ్చిన పరదేశీయులకు బందరురేవుతోపాటు ఈ దీవియు కంటబడినది. 1750 ప్రాంతమున బందరును దీవిని ఫ్రెంచివారు సంపాదించిరి. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు బందరుకోటను పట్టుకొనగా ఈ ప్రాంతము కుంపిణీవారి వశమైనది. లోపలి భూములు మాత్రము చాలభాగము చల్లపల్లి జమీందారుల దేవరకోట పరగణాలో నుండెను. 1948 ఎస్టేట్ల రద్దు చట్టముతో ఆ జమీందారీయు ముగిసినది.

దీవికి నీరు ఎంత కావలెనో, నీటివలన భయమును అంతయే. బెజవాడ యొద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తియై డెల్టా పండుచుండగా, నడుమ నదీపాయ అడ్డుపడుటచే ఆ కాలువనీరు దీవిని చేరలేదు. చుట్టును నీరే, చేనికి మాత్రము నీరు లేదు! 20వ శతాబ్ది మొదటి దశకమున పులిగడ్డ యొద్ద నూనెయంత్రములు నిలిపి నదినీటిని పైకితోడి పొలములకు పారించిరి. పిమ్మట పాయమీదుగా ఆక్విడక్టు కట్టి కాలువనే దీవిలోనికి దాటించిరి. వంతెనమీద బండ్లు పోవుట మనమెరుగుదుము. అచ్చట ఏటిమీద కాలువయే పోవుచున్నది.

ఇక భయమును గూర్చి చెప్పెదను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు తీరమున వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న మరల అట్టి కాళరాత్రియే వచ్చినది. తుపాను చీరాల సమీపమున తీరముదాటినది. నాశనము ఎక్కువగా దూరముననున్న దివిసీమకు కలిగినది. దీనికి కారణమున్నది. మనవైపు తుపానుగాలి గడియారపుముల్లునకు ఎదురుగా తిరుగును. కనుక అది గట్టెక్కునప్పుడు దానికి కుడిప్రక్కనున్న తీరముమీదికి సముద్రమును నెట్టును. ఆ కుడిప్రక్కన నున్నది దివిసీమ. నీరు 15 అడుగులకు పైగా లేచి యూళ్లమీద పడినది. సొర్లగొంది వంటి గ్రామములు దాదాపు తుడిచిపెట్టుకొనిపోయినవి. పదివేలకు పైగా జనులు మడిసిరి. బాటలు తెగి, తీగలు తెగి, ఆ వార్త బయటికి వచ్చుటకే జాగైనది.

పిమ్మట తీరమున తుపాను రక్షణగృహములు కట్టబడినవి. 1990 మే నెలలో కృష్ణాముఖమునకు సమీపముననే మరియొక ఘోరమైన తుపాను వచ్చినది. ఈమారు ముందుగనే సుమారు లక్షన్నర మందిని సురక్షితస్థలములకు తరలించిరి. మృతులు వేయికి లోపుగనే యుండిరి. గాలి మారలేదు, సముద్రము మారలేదు. మాట సకాలమున ఊరికి చేరినది, జనులు దానిని నమ్మి కదలిరి.

మండలములు ఏర్పడుటలో నుద్దేశమును ఇట్టిదియే: కచేరీ రైతుకు దగ్గర కావలెననుట. దివి తాలూకా అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ మండలములుగా విడిపోయినది. దూరదేశమగు నార్వేలో దీనికి విపరీతముగా జరిగినది. అచ్చట హిత్రా అను దీవి ప్రాంతమున నాలుగు చిన్న స్థానికసంస్థలు వేర్వేరుగా నుండెడివి. విడివిడిగా బడులను బాటలను నడుపుట చిన్నసంస్థలకు భారమని తలచి, 1964లో వానిని ఒక్కటిగా కలిపిరి. వారు కలిపిరి, మనవారు విడదీసిరి. కలిపినను విడదీసినను చూడవలసిన కొలత ఒక్కటియే: ఆపద వచ్చిననాడు కడపటి యింటివానికి ఎవరు దిక్కు, ఎంతసేపటిలో వత్తురు?

2022లో జిల్లాలు కూడ మారినవి. నెమలి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, అవనిగడ్డ కృష్ణాజిల్లాలో నిలిచినది. ఒక్క జిల్లా ప్రజలమై యుండిన మనము రెండు జిల్లాలవారమైతిమి. అయినను జనులు నేటికిని దివిసీమ అనియే పలుకుచున్నారు. కచేరీ ఇచ్చిన పేరు కచేరీతో పోవును; నేలనుబట్టి పుట్టిన పేరు, కష్టమున కలసి యేడ్చినవారు పలికిన పేరు, నిలుచును.

కావున పెద్దలకు నాదొక విన్నపము. మీ పెట్టెలలోని పాత దస్తావేజులలో తాలూకాపేర్లు, పాత సరిహద్దులు, వాగుల పేర్లు వ్రాసియుండును. అవి నేటి పిల్లలకు అర్థముకావు. ఏ వాగు ఏ యేట పొంగెనో, నీరు ఎంతవరకు వచ్చెనో, ఏ మిట్ట మునుగక నిలిచెనో వారికి చెప్పుడు, చెప్పి వ్రాయించుడు. హద్దురాళ్లను సర్కారు మార్చవచ్చును గాని, నీరు తన పాతదారిని మరువదు. దానిని ఎరిగిన పెద్ద ఊరిలో నుండుట ఊరికి రక్ష.