క్యాంపింగ్‌కి కొత్తగా వెళ్తున్నారా? టెంట్ కంటే ముందు పొయ్యి నేర్చుకోండి.. ఎందుకంటే!

కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలే. ఉసిరి చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి, నాలుగు పుల్లలు ఎగదోసి వండుకుని తినడం మనవాళ్లకు కొత్తేం కాదు. ఇప్పుడు ఆ భోజనానికి ఒక రాత్రి కూడా తోడవుతోంది. టెంట్ వేసుకుని, చుక్కల కింద పడుకుని, పొద్దున్నే టీ కాచుకుని ఇంటికి రావడం.. అదే క్యాంపింగ్. కడప జిల్లా గండికోట లాంటి చోట్ల టెంట్లు అద్దెకు దొరుకుతాయి. అక్కడ వంట, కాపలా వాళ్లే చూసుకుంటారు. మరి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు చుట్టుపక్కల పొలంలోనో, గుట్ట పక్కనో సొంతంగా ఒక రాత్రి ఉండాలంటే?

వీడియోల్లో ముందు చూపించేది టెంట్. కానీ ఈ నేల మీద ముందు నేర్చుకోవాల్సింది పొయ్యి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేరుశనగ కోతలయ్యాక పొలాల గట్ల మీద కట్టె వాములు ఉంటాయి. వచ్చే వానాకాలం దాకా పశువులకు అదే మేత. గాలికి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, ఒక రైతు ఏడాది మేత అరగంటలో బూడిదవుతుంది. మీకు అది ఒక్క రాత్రి సరదా. ఆయనకు అది పాడి.

ఎప్పుడు, ఎక్కడ?

మొదటిసారికి నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి సమయం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ ఈదురుగాలి గట్టిగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలి కోసమే. ఆ రోజుల్లో ఆరుబయట మంట వద్దు. మార్చి నుంచి గడ్డి పూర్తిగా ఎండిపోతుంది, అప్పుడూ అంతే.

చోటు విషయానికొస్తే, కోత అయిపోయిన పొలం మేలు. కానీ రైతును అడిగి, ఆయన చూపించిన చోటే టెంట్ వేయాలి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడం, అక్కడ మంట పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం.

వంకలో, చెరువు లోపల ఇసుక మెత్తగా ఉంది కదా అని పడుకోవద్దు. ఇది కరువు సీమే, కానీ వాన పైన ఎక్కడో కురిసినా వంక ఇక్కడ పొంగుతుంది. 2021 నవంబర్‌లో చిత్రావతి ఒక్కసారిగా ఉప్పొంగినప్పుడు ప్రవాహంలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో బయటికి తీయాల్సి వచ్చింది.

పొయ్యి ఇలా పెట్టండి

పొయ్యి పెట్టే చోట చుట్టూ మూడు నాలుగు అడుగుల మేర గడ్డి, ఆకులు, పుల్లలు ఊడ్చేయాలి. ఎర్రమట్టి కనిపించాలి. మధ్యలో జానెడు లోతు గుంత తీసి, దాని చుట్టూ మూడు రాళ్లు పెట్టాలి. గుంతలో మంట గాలికి అటూ ఇటూ ఊగదు, రవ్వలు ఎగరవు, పుల్లలూ తక్కువ పడతాయి. పొయ్యి నోరు గాలికి ఎదురుగా ఉండకూడదు. వాములు, కంచెలు, టెంట్.. ఇవన్నీ గాలి వచ్చే వైపు ఉండాలి. గాలి పోయే వైపు ఖాళీ నేల మాత్రమే ఉండాలి.

రాళ్లు ఎంచుకోవడంలోనూ జాగ్రత్త. వంకలో, చెరువులో నానిన రాళ్లు వద్దు. లోపల చేరిన తడి వేడికి ఆవిరై, రాయి పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. గట్టు మీద ఎండకు ఎండిన రాళ్లే తీసుకోవాలి.

మంట వెలిగించే ముందే ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టుకోండి. అది తాగడానికి కాదు, వంటకూ కాదు. కేవలం మంట కోసం. చేతికి ఇంకో చిట్కా: గిన్నె అడుగున బయటి వైపు తడిమట్టి పూస్తే మసి గిన్నెకు పట్టదు. తోమడానికి నీళ్లూ మిగులుతాయి.

చిన్న గ్యాస్ స్టవ్ ఉంటే ఇంకా మంచిది. కానీ దాన్ని టెంట్ లోపల వెలిగించకూడదు. బొగ్గుల కుంపటీ అంతే. చలిగా ఉందని లోపల పెట్టుకుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ చేరి, నిద్రలోనే ప్రాణం పోతుంది.

నీళ్లు ఎన్ని కావాలి?

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్క వేసుకుని ఇంటి నుంచే తెచ్చుకోండి. మంట కోసం పెట్టే బకెట్ దీనికి అదనం. పొలంలో బోరు ఉంది కదా అని దాని మీద ఆధారపడొద్దు. ఉమ్మడి జిల్లాలో చాలా ఊళ్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీళ్లు ఇచ్చిందంటే ఆ ఇబ్బంది ఎంతదో అర్థమవుతుంది. చాలామంది కాచితే సరిపోతుంది అనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది.

మొదటిసారి ఏం వండాలి?

బిర్యానీతో మొదలుపెట్టకండి. కట్టెల మంట మీద ఎంత సేపు, ఎంత సెగ అనేది చేతికి అలవాటు కావాలి. మొదటి వంటకు సీమ వంటకం ఉగ్గాణికి మించింది లేదు. బొరుగులు నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపుతో తాలింపు వేసి కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే అయిపోయింది. పది నిమిషాల మంట చాలు. ఉల్లిపాయలు ఇంట్లోనే తరుక్కుని, పుట్నాల పొడి డబ్బాలో పోసుకుని వెళ్తే ఇంకా సులువు.

రెండోసారి సంగటి ప్రయత్నించండి. గ్లాసు బియ్యానికి నాలుగైదు గ్లాసుల నీళ్లు పోసి, మెత్తగా ఉడికాక గ్లాసు రాగిపిండి వేయాలి. అక్కడి నుంచి మంట తీసేసి, నిప్పుల సెగ మీదే మగ్గనిచ్చి తెడ్డుతో గెలకాలి. మంట తగ్గించడం వచ్చిందంటే కట్టెల పొయ్యి వచ్చినట్టే. నంజుకోవడానికి చెనిక్కాయల పొడి ఇంటి నుంచి తెచ్చుకుంటే కూర బాధ కూడా లేదు.

రాత్రి ఇవి మర్చిపోవద్దు

టెంట్ జిప్ ఎప్పుడూ మూసే ఉంచాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరిచినా చాలాసార్లు నొప్పే తెలీదు. అందుకే బయట చాప మీద పడుకోవద్దు. లేచి బయటికి వెళ్లాలంటే టార్చ్ తప్పనిసరి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోవాలి, తేళ్లు దూరతాయి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. ఆ కాలు గానీ చెయ్యి గానీ కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. సిగ్నల్ ఉందో లేదో పగలే చూసుకోండి. ఎక్కడ ఉంటున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఈ జిల్లా గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. మిగిలిన అన్నం, ఎముకలు టెంట్ పక్కన ఉంచితే వాటిని పిలిచినట్టే.

మంట ఆర్పడం అసలు పరీక్ష

చాలామంది మంట మీద మట్టి కప్పేసి వెళ్లిపోతారు. కానీ మట్టి కింద నిప్పులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి. గాలి వీచి మట్టి పక్కకు పోతే మళ్లీ అంటుకుంటుంది. లేదా పొద్దున్నే గొర్రెలు తోలుకొచ్చిన పిల్లాడి కాలు అందులో పడుతుంది. సరైన పద్ధతి ఇది: నీళ్లు పోయాలి, కట్టెతో కలపాలి, మళ్లీ నీళ్లు పోయాలి. బూడిదకు దగ్గరగా అరచేతి వెనక భాగం పెట్టి చూడాలి. వేడి తగిలితే ఇంకో విడత. పూర్తిగా చల్లారాకే గుంత పూడ్చి, రాళ్లు పక్కకు తీయాలి. పడుకునే ముందూ ఇదే పని, పొద్దున టీ అయ్యాకా ఇదే పని. ఒకవేళ మంట చేయి దాటితే ఆలస్యం చేయకుండా 101కి ఫోన్ చేసి, పొలం రైతుకు చెప్పాలి.

ఇవన్నీ ఒకేసారి ఎలా అనుకునేవాళ్లు మొదటి రాత్రి ఇంటి మిద్దె మీదే టెంట్ వేసి పడుకోండి. ఏం మర్చిపోయారో తెల్లారేసరికి తెలిసిపోతుంది. పొయ్యి మాత్రం పెరట్లో రెండు మూడు సార్లు వెలిగించి, ఆర్పి చూడండి. ఆ తర్వాత పొలానికి వెళ్తే, మీరు వచ్చేశాక రైతుకు అక్కడ ఒక చల్లటి బూడిద మచ్చ తప్ప ఏమీ కనిపించకూడదు. అలా జరిగితే రెండోసారి అడిగినప్పుడు కూడా ఆయన సరేనంటాడు.