ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలు

చెన్నై నుంచి వచ్చే రైలుబండి జోలార్‌పేట చేరేసరికి అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక దారి బెంగుళూరుకు పోతుంది. మరొకటి సామల్పట్టి మీదుగా సేలం చేరుతుంది. బండి ఏ పట్టాల మీదికి మళ్లాలో అక్కడే తేలిపోతుంది. ఒకేసారి రెండు దారులలోనూ పోలేదు గదా! ఒక కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండడం కూడా ఇటువంటిదే.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రాన్ని నడిపించే ప్రధాన వ్యవస్థ. మనకు ఎక్కువగా తెలిసినది విండోస్. లినక్స్ మరొకటి. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి దాని మూలభాగాన్ని రాసి అందరికీ పంచిపెట్టాడు. మన రాష్ట్రానికీ ఇది కొత్తది కాదు. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాపులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, వాటిలో విండోస్‌తోపాటు సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉండేది. దానిని ఒక్కసారైనా తెరిచి చూసినవారు తక్కువేనని నా అనుమానం.

సామల్పట్టిలో ఒక ఇంట్లో పాత ల్యాప్‌టాపు ఉందనుకుందాం. అందులో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి కంపెనీ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. యంత్రమూ నెమ్మదించింది. తక్కువ జ్ఞాపకశక్తితో నడిచే తేలికపాటి లినక్స్ వేస్తే అది మళ్లీ చురుకుగా పనిచేస్తుంది. లుబుంటు అటువంటిదే. కాని నాన్నగారి మామిడికాయల లెక్కలు విండోస్‌లోనే నడిచే ప్రోగ్రాములో ఉన్నాయి. పొలం కాగితాల నకళ్లు, అక్క పెళ్లి ఫొటోలు, కాలం చేసిన అవ్వ పాడిన తెలుగు పాట కూడా అదే డిస్కులో ఉన్నాయి. ఆ పాటకు మరో ప్రతి లేదు. కనుక విండోస్‌ను ఉంచుకుని, దాని పక్కనే లినక్స్‌కు చోటు చేయాలి.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఆ పాటను, ఫొటోలను, లెక్కలను వేరొక డిస్కులోకి నకలు తీయడం. తీశామని ఊరుకోకూడదు. ఆ డిస్కును ఇంకొక కంప్యూటరుకు తగిలించి, పాట వినబడుతున్నదో లేదో చూడాలి. తొందరలో చాలామంది వదిలివేసేది ఈ పరీక్షనే.

తరువాత లినక్స్‌ను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకుని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవులో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి. నకళ్లు దాచినది, ఇది ఒకటే కాకుండా చూసుకోండి. పెన్‌డ్రైవు నుంచే కంప్యూటరును ప్రారంభిస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే లినక్స్‌ను నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, మీటలు పనిచేస్తున్నాయా? తెలుగు అక్షరాలు సరిగా కనబడుతున్నాయా? నచ్చకపోతే పెన్‌డ్రైవు తీసివేయవచ్చు. అప్పటికి పోయేదేమీ లేదు.

అసలు ప్రమాదం డిస్కును విభజించే చోట ఉంది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గట్టు ముందే వేసుకుంటారు. అలాగే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా దాని భాగాన్ని కుదించి, ముప్పై జీబీల చోటు ఖాళీగా విడవాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల సంఖ్యను ముందే కాగితం మీద రాసుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. అది ఉన్నంతవరకు విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. నిద్రపోయేవాడి మంచం జరిపితే ఏమవుతుందో మీకు తెలుసు! మన ఊళ్లలో కరెంటును నమ్మలేం కనుక బ్యాటరీని నిండుగా నింపి, ఛార్జరు తగిలించే కూర్చోవాలి.

లినక్స్‌ను స్థాపించేటప్పుడు ఎక్కడ వేయాలని యంత్రం అడుగుతుంది. మనం విడిచిన ఖాళీ చోటునే చూపాలి. ‘ఎరేజ్ డిస్క్’ అన్నది ఎంచుకుంటే విండోస్, లెక్కలు, ఫొటోలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆఖరి మీట నొక్కేముందు యంత్రం తాను చేయబోయే మార్పుల పట్టికను చూపుతుంది. దానిని పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చదవండి. సందేహం కలిగితే రద్దు చేయండి.

పని పూర్తయ్యాక కంప్యూటరును తెరిస్తే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము రెండు పేర్లు చూపి, ఏది కావాలని అడుగుతుంది. మనం చెప్పుకున్న జోలార్‌పేట ఇదే. ముందుగా విండోస్‌ను ఎంచుకుని మామిడికాయల లెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఒక వింత జరగవచ్చు. ఉదయం పదిగంటలకు విండోస్ తెరిస్తే గడియారం తెల్లవారుజామున నాలుగున్నర చూపుతుంది. యంత్రం పాడైపోయిందని కంగారుపడవద్దు. లినక్స్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ కాలానికి సరిచేస్తుంది. విండోస్ దానినే మన స్థానిక కాలమనుకుంటుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. లోపలి గడియారం స్థానిక కాలాన్నే పాటించాలని లినక్స్‌కు ఒకసారి చెబితే, రెండు వ్యవస్థలూ ఒకే వేళ చూపుతాయి.