వయస్సు తరఫున వకాల్తా ఎవరు పుచ్చుకుంటారు?

గత ఆదివారం ద్వారకలో ఒక సహకార గృహ సంఘంలో నివసించే తెలుగు మిత్రుని చూడబోయాను. ఆయన వయస్సు 52. ఒక ప్రైవేటు సంస్థలో ఇరవై రెండేళ్లు పనిచేసి, మేనేజరు హోదాకు ఎదిగి, మొన్నటి వేసవిలో ‘స్వచ్ఛందంగా’ రాజీనామా చేశారు. ఆ స్వచ్ఛందం ఎటువంటిదో ఆయన మాటల్లోనే వినవలె: “కాగితమూ వారే టైపు చేయించారు, కలమూ వారే ఇచ్చారు. సంతకం ఒక్కటే నాదండీ.” ఆ తరువాత ఆయన కంటబడిన ఉద్యోగ ప్రకటనలలో చాలా భాగం నలభై ఏళ్ల లోపువారి కోసమేనట.

ద్వారకలో జిల్లా న్యాయస్థానాలున్నవి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమూ ఉన్నది. “ఇన్ని న్యాయపీఠాల నడుమ కాపురం ఉంటున్నాను గదా, ఏ సెక్షను కింద ఫిర్యాదు చేయమంటారు?” అని మిత్రుడు అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో ఏడు కారణాలపై వివక్షను నిషేధించింది: మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం. వయస్సు ఆ జాబితాలో లేదు. ఆ అధికరణం ప్రైవేటు యజమాని గడప తొక్కదు. అట్లని పార్లమెంటు చేతులు కట్టివేసి లేవు. హెచ్‌.ఐ.వి. సోకినవారి విషయంలో 2017లోను, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019లోను చేసిన చట్టాలు ప్రైవేటు సంస్థలలో సైతం ఉద్యోగ వివక్షను నిషేధించినవి. దారి ఉన్నది, వయస్సు కోసం ఆ దారిన నడిచినవారే లేరు.

వయస్సు గీత గీస్తే ఏమవుతుందో ఆంధ్రులకు వేరే చెప్పనక్కరలేదు. 1983 ఫిబ్రవరిలో ఎన్‌.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది. ఆ నెలాఖరున వేలాది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. అప్పటికి ముఖ్యమంత్రి వయస్సు 59! యువకులకు అవకాశం కల్పించడానికే ఈ చర్య అన్నారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, కె. నాగరాజ్ కేసులో, ఆ తగ్గింపు రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. అంతకుముందే, 1984 ఆగస్టులో, వయస్సును తిరిగి 58 చేశారు గాని, మధ్యకాలంలో వెళ్లిపోయినవారికి ఆ మేలు నిరాకరించారు. బి. ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు ఆ నిరాకరణ చెల్లదన్నది. ఓడినా గెలిచినా, ఆ ఉద్యోగులకు ఎక్కడానికి ఒక కోర్టు మెట్టు ఉన్నది.

నేడు ప్రభుత్వోద్యోగి విరమణ వయస్సు తెలంగాణలో 2021 నుంచి 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62. ప్రైవేటు ఉద్యోగి మాట వేరు. చివర చేరినవారిని ముందుగా తొలగించవలెనన్న సూత్రం కార్మిక చట్టంలో ఉన్నది. అది సీనియరుకు కొంత రక్ష. కాని అది ‘కార్మికుని’కే వర్తిస్తుంది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా మేనేజర్లను ఆ నిర్వచనానికి వెలుపలే ఉంచింది. పైగా రాజీనామా కాగితం ఉండగా తొలగింపు అన్న మాటే రాదు.

అమెరికా 1967లోనే నలభై దాటినవారి రక్షణకు చట్టం చేసింది. బ్రిటన్ 2006లో ఆ బాట పట్టింది. చట్టం ఉంటే చాలునా? చాలదు. ఉద్యోగం పోవడానికి వయస్సే నిర్ణాయక కారణమని నిరూపించవలసిన భారం ఉద్యోగిదేనని 2009లో అమెరికా సుప్రీంకోర్టు అన్నది. యజమాని మనస్సులోని మాటకు సాక్ష్యం తేవడం ఎవరి తరం? మనం చట్టం చేసుకుంటే, వయస్సు కాదు కారణమని చూపే బాధ్యతను యజమానిపైనే ఉంచవలె.

నిరుద్యోగ యువకుల మాటేమిటన్న ప్రశ్న 1983లో ఎంత నిజమో నేడూ అంత నిజమే. అయితే తండ్రి ఖాళీ చేసిన కుర్చీలో కొడుకు కూర్చుంటాడన్న హామీ ఎక్కడున్నది? తరచు ఆ కుర్చీనే తీసివేసి, పనిని మిగిలినవారికి పంచుతున్నారు. పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మాని, నలభై దాటాక తిరిగి రాదలచిన స్త్రీకి కూడా ఈ వయస్సు గీతే అడ్డుగోడ.

అరవై దాటినవారికి ఉద్యోగాలు వెతికిపెట్టడానికి కేంద్రం 2021లో ‘సేక్రెడ్’ అనే పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కాని నలభై అయిదుకు, అరవైకి నడుమ, పిల్లల చదువులూ ఇంటి అప్పూ నెత్తిన ఉన్నవారి గతి ఏమిటి?

లోక్‌సభలో కూర్చోవడానికి 25 ఏళ్లు నిండవలె. లేచిపోవడానికి వయఃపరిమితి లేదు. అనుభవానికి అంత విలువనిచ్చే సభ, ఆ విలువను ఓటరుకు కూడా చట్టంగా రాసి ఇవ్వరాదా? మిత్రునికి నేను ఇవ్వగల జవాబు ఇంతే: ఫిర్యాదుకు సెక్షను ఇంకా పుట్టలేదు. పుట్టవలసిన చోటు ద్వారక కోర్టు కాదు, పార్లమెంటు.