అయ్యగారి వెనక అమ్మగారు

జగ్గయ్యపేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పాస్టరుగారి కుటుంబం ఉంటుంది. ఆయన్ని అందరూ అయ్యగారంటారు, ఆవిణ్ణి అమ్మగారంటారు. మొన్నొక రాత్రి పదకొండింటికి ఎవరో వచ్చి వాళ్ల తలుపు కొట్టారు. ఎవరింట్లోనో పెద్దాయన పోయాడట. అయ్యగారు బైబిలు తీసుకుని బయల్దేరారు. అమ్మగారు కూడా వెళ్లి, ఆ ఇంటి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, ఇంత అన్నం వండిపెట్టి పడుకోబెట్టింది.

మర్నాడు, "మీకూ జీతమిస్తారాండీ?" అని అడిగాను.

"జీతం ఆయనకే వదినగారూ, పని ఇద్దరికీ" అని నవ్వేసింది.

ఆ మాట పట్టుకుని పాత చరిత్ర తిరగేశాను. మధ్యయుగాల ఐరోపాలో పల్లెటూరి ప్రీస్టు అంటే ఊళ్లో చదవడం వచ్చిన కొద్దిమందిలో ఒకడు. బాప్తిస్మం, పెళ్లి, చావు దగ్గర ఆఖరి ప్రార్థన అన్నీ ఆయన చేతిమీదుగానే. రైతులు పంటలో పదో వంతు చర్చికి ఇచ్చుకోవాలి. ఆ పదో వంతు చాలాచోట్ల పైవాళ్లకే పోయేది. అందుకే చర్చి మాన్యం తనే దున్నుకున్న ప్రీస్టులు ఎందరో! మఠాల్లో సన్యాసుల బతుకు వేరు. రాత్రీ పగలూ కలిపి ఎనిమిదిసార్లు ప్రార్థన, మధ్యలో ఒళ్లొంచి పని.

ఆ పల్లె ప్రీస్టుల్లో చాలామందికి భార్యలుండేవారు. పెళ్లి వద్దని చర్చి పెద్దలు వందల ఏళ్లుగా అంటున్నా సాగిపోయింది. చివరికి 1139లో రోములో జరిగిన రెండో లాటరన్ సభ ఆ పెళ్లిళ్లు అసలు చెల్లవని తేల్చేసింది. నిన్నటిదాకా ఇల్లాలు, ఇవాళ ఉంచుకున్న మనిషి! నియమం ఆయనకి, నింద ఆవిడకి.

1525లో మార్టిన్ లూథర్, మఠం వదిలొచ్చిన కాటరీనాను పెళ్లాడాడు. పశువుల్ని సాకి, ఇంట్లో ఉండే విద్యార్థులకు భోజనాలు పెట్టి ఆ సంసారం నడిపింది ఆవిడే. ప్రొటెస్టెంటు సంఘాల్లో పాస్టరుకు సంసారం మామూలైపోయింది.

ఆ సంఘాలే మన వైపుకీ వచ్చాయి. నందిగామ దగ్గర రాఘవాపురంలో పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1912లో వి.ఎస్. అజరయ్య దోర్నకల్ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. పల్లెలకు వెళ్లబోయే గురువులతోపాటు వాళ్ల భార్యలకూ అక్కడ చదువు చెప్పారు. పల్లెలో ఆడవాళ్లతో మాట్లాడాల్సింది ఆవిడే కదా మరి! 2013లో నంద్యాలకు పుష్పలలితగారు బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి మహిళ ఆవిడే.

సంతోషమే. కానీ మా అమ్మగారి సంగతేమిటి? వాళ్లుంటున్న ఇల్లు చర్చిది. అయ్యగారికి ఏమన్నా అయితే ఆవిడ పెట్టె సర్దుకోవాల్సిందే. మన గుళ్లో తెల్లారకముందే మడికట్టుకుని ప్రసాదం వండే అర్చకుడిగారి భార్యదీ ఇదే కథ. ఏళ్ల తరబడి చేసిన పని ఏ పద్దులోనూ ఉండదు.

ఈసారి గుడికో చర్చికో చందా ఇచ్చేటప్పుడు, "అమ్మగారి పేరున ఏమన్నా వేస్తున్నారా?" అని మనం ఒక్కమాట అడిగితే తప్పా?