పందికొక్కు సముద్రం దాటింది

మంచి ఇంగ్లీషు నిఘంటువు ఏదైనా తీసి ‘బ్యాండికూట్’ అన్న మాట చూడండి. మూలం తెలుగు అని ఉంటుంది. అది మన పందికొక్కే. పకారం బకారమైంది, ‘కొక్కు’ కాస్తా ‘కూట్’ అయింది. మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటలన్నీ పోగుచేసి యూల్, బర్నెల్ 1886లో అచ్చువేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ కూడా ఇదే చెప్పింది. ఈ జంతువునే తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఇంగ్లీషు నోటికి పట్టింది మాత్రం తెలుగు పేరు.

మనవాళ్ళు ఆ పేరు ఊరికే పెట్టలేదు. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది. మూలకు తరిమితే పందిలా గుర్రుమంటుంది. రైతుకు మరీ ప్రమాదం దీనిలోని చిన్న జాతి. అది వరిచేలో గట్టు కింద బొరియలు తవ్వుతుంది, కంకులు కొరికి లోపల దాచుకుంటుంది. గట్టుకు బొక్క పడితే పెట్టిన నీళ్ళు కూడా మడిలో నిలవవు. ఊరి సొమ్ము మింగేవాణ్ణి ‘పందికొక్కులా మేస్తున్నాడు’ అనడంలో ఆ కడుపుమంట ఉంది. 14వ శతాబ్దంలో దేవగిరి కోట గురించి రాసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడి చెరసాలలో పిల్లులకన్నా పెద్ద ఎలుకలున్నాయనీ, వాటిని చూసి పిల్లులే పారిపోతాయనీ చెప్పాడు. యూల్, బర్నెల్ ఆ మాటలను బ్యాండికూట్ కిందే చేర్చారు. 1873లో జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు పెట్టాడు. అలా తెలుగు పల్లె మాట శాస్త్ర నామమైంది.

అప్పటికే ఆ మాట ఆస్ట్రేలియా చేరి చాలాకాలమైంది. 18వ శతాబ్దం చివర అక్కడి తీరాలు చుట్టివచ్చిన జార్జ్ బాస్ తన దినచర్యలో, ఆదివాసులు వదిలి వెళ్ళిన నెగళ్ళ చుట్టూ బ్యాండికూట్ ఎముకలు కనిపించాయని రాశాడు. నిజానికి ఆ జీవికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. అది కంగారూలా పొట్టకు సంచి ఉన్న జంతువు. ముట్టె పొడుగు, నేల తవ్వి పురుగులు తింటుంది. తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా దాని సంచి వెనక్కి తెరుచుకుంటుంది. గర్భం మోసేది రెండు వారాలు కూడా కాదు. ఇంత చక్కని ప్రాణిని చూసి కొత్తవాళ్ళకు ఎక్కడో విన్న ఎలుక పేరే గుర్తొచ్చింది. ఆదివాసులు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి ఉంటే బాగుండేది. దాని చుట్టం బిల్బీకి మాత్రం యువాలరాయ్ ప్రజల మాటే నిలిచింది.

అక్కడి జాతుల్లో ఒకదానికి కాళ్ళు పంది గిట్టల్లా ఉండటంతో ‘పందికాళ్ళ బ్యాండికూట్’ అన్నారు. పేరులో అప్పటికే ఒక పంది ఉందని వాళ్ళకు తెలియదు. 20వ శతాబ్దంలో ఆ జాతి పూర్తిగా అంతరించింది.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఈ మాట బాగా వేళ్ళూనుకుంది. ఒంటరిగా దిక్కులేకుండా మిగిలినవాణ్ణి ‘కాలిన గట్టు మీది బ్యాండికూట్’ అంటారు. మొక్క పైకి చెక్కుచెదరకుండా కింద బంగాళాదుంపలు తవ్వి ఎత్తుకుపోవడాన్ని ‘బ్యాండికూటింగ్’ అంటారు. ఆ మాట వింటే మన రైతుకు వెంటనే అర్థమవుతుంది. 1996లో వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్’ వీడియోగేమ్ ఈ పేరును ప్రపంచమంతా పిల్లల నోట పలికించింది. 2018లో తిరువనంతపురం ఇంజనీర్లు, మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగే పని లేకుండా తామే తయారుచేసిన రోబోకు బ్యాండికూట్ అని పేరు పెట్టారు. మలయాళంలో ఆ జంతువుకు సొంత పేరు ఉన్నా, వాళ్ళు ఎంచుకున్నది ఇంగ్లీషు వేషంలోని తెలుగు మాటను.

ఆ వీడియోగేమ్‌లో ఉన్నది చారల బ్యాండికూట్. బయటి నుంచి తెచ్చి వదిలిన నక్కల వల్ల, గడ్డినేలలు పోవడం వల్ల ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. విక్టోరియా రాష్ట్రంలో చివరకు హామిల్టన్ ఊరి చెత్తదిబ్బలో, పాత కార్ల డొక్కుల కింద కొద్దిగా మిగిలాయి. వాటిని పట్టి, కంచెల మధ్య పెంచి, నక్కలు లేని దీవుల్లో వదిలారు. కాపలాకు మరెమ్మా జాతి కుక్కలకు శిక్షణ ఇచ్చారు. 2021లో ఆ జంతువును ‘అడవిలో అంతరించింది’ అన్న జాబితా నుంచి ‘ప్రమాదంలో ఉంది’ అన్న జాబితాకు మార్చారు. ఎంతో శ్రమ ఫలించిన రోజు అది.

ఇలాంటి వార్త తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘పందికొక్కుల సంరక్షణ’ అని రాయకూడదని నా గట్టి అభిప్రాయం. గట్టు తవ్వే ఎలుకమీద వీళ్ళకు ఎందుకంత ప్రేమ అని పాఠకుడు విసుక్కుంటాడు. ఒక అమాయక జీవి మీద మనకు లేని పగ పుడుతుంది. మన నిఘంటువుల్లో పందికొక్కుకూ బ్యాండికూట్‌కూ వేరువేరు పద్దులు ఉండాలి. ఆస్ట్రేలియా జంతువును బ్యాండికూట్ అనే రాద్దాం, పక్కనే ఈ మాట పుట్టిల్లు తెలుగని ఒక్క ముక్క చేరుద్దాం.