మోడు చిగురు నీటి లెక్క

దక్షిణ కాలిఫోర్నియా కొండల మీద చాపరల్ అనే పొదల అడవి ఉంది. అక్కడ వాన దాదాపు అంతా చలికాలంలోనే. ఎండాకాలం నెలల తరబడి చినుకు రాలదు. కార్చిచ్చు వచ్చిందంటే కొండంతా బూడిదే. అయినా కొన్ని వారాలకే, ఇంకా వాన పడకముందే, కొన్ని నల్లటి మోళ్ల మొదట్లోంచి పచ్చటి పిలకలు లేస్తాయి. నీళ్లెక్కడివి?

నిప్పు ఆకుల్ని తినేసింది గానీ వేళ్ల జోలికి పోలేదు. లారెల్ సుమాక్ అనే పొద వేళ్లు 13 మీటర్లకు పైగా దిగుతాయి (మన మామిడి, జీడిమామిడి కుటుంబపు మొక్కే ఇది). నిన్నటిదాకా పొద నిండా ఉన్న ఆకులకు నీళ్లు మోసిన ఆ వేళ్లు ఇప్పుడు గుప్పెడు చిగుళ్లకే నీళ్లు మోయాలి. ఊరంతటికీ కట్టిన ట్యాంకు కింద రెండే ఇళ్లు మిగిలినట్టు.

రెమ్మలో నీటి కటకట ఎంతుందో కొలిచే పద్ధతిని షోలాండర్ బృందం 1965లో ప్రచురించింది. రెమ్మను కోసి, ఆకులున్న భాగాన్ని ఉక్కు డబ్బాలో బిగిస్తారు. కోసిన కొస బయటే ఉంటుంది. డబ్బాలోకి నైట్రోజన్ ఎక్కిస్తూ పోతే ఒక దశలో కొస మీద తడి మెరుస్తుంది. ఆ క్షణాన మీటరు చూపే ఒత్తిడి ఎంతో, కోయకముందు రెమ్మలో నీటిని లాగిన బలం అంత. తడి అడవిలో అది 4, 5 అట్మాస్ఫియర్లు. ఎడారిలో 80 దాకా వచ్చింది. అట్మాస్ఫియర్ అంటే సుమారు 34 అడుగుల నీటి స్తంభం. మన బోరు భాషలోకి మార్చుకుంటే మొదటిది 135 నుంచి 170 అడుగులు, రెండోది దాదాపు 2,700 అడుగులు! మోటారు లేదు, కరెంటు లేదు. ఆకులోంచి ఆవిరయ్యే నీరే వెనకున్న నీటిని లాక్కొస్తుంది.

కాలిన లారెల్ సుమాక్ పిలకలను కాలని పొదలతో పోల్చి చూస్తే పిలకల్లో ఈ లాగుడు తక్కువ. నీళ్లకు తడుముకునే పని లేదు కనుక పత్రరంధ్రాలు బార్లా తెరుచుకుంటాయి, ఆహారం ఎక్కువ తయారవుతుంది. చూడ్డానికి దుబారాలా ఉంటుంది గానీ కాదు. ఒక్క కార్బన్ డైఆక్సైడ్ అణువు ఆకులో కుదురుకోవాలంటే సుమారు 400 నీటి అణువులు ఆవిరైపోవాల్సిందే. కింద ఉన్నది పెద్ద సంసారం. అన్ని వేళ్లూ ఊపిరి తీసుకోవాలి, వాటన్నిటికీ తిండి కావాలి. రంధ్రాలు మూస్తే నీళ్లు మిగులుతాయి, పొయ్యి మాత్రం వెలగదు.

మరి చిచ్చు వెనకే కరువూ వస్తే? ప్రాట్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా అలాంటి ఏడాది గురించే. పిలకలు వేసే 7 జాతుల్లో మూడింటి మరణాలు అంతవరకూ నమోదైన గరిష్ఠ స్థాయినో దాని దరిదాపులనో తాకాయి. వాటిలో చాలావరకు నిప్పులో చావలేదు. చిగురించాక చచ్చాయి. పిలకల నీటి గొట్టాల్లో గాలి బుడగలు అడ్డుపడి ప్రవాహం దాదాపు సున్నాకు పడిపోయింది. ఆ మూడింటిలో రెండింటికి, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే బుడిపెలో దాచుకున్న పిండిపదార్థం కూడా నిండుకుంది.

కరువు పోయాక లెక్కపెడితే చాలా జాతులు మునుపటికంటే పలచబడ్డాయి. తగ్గనిది కరువుకు ఓర్చుకునే ఒక జాతి. దానికి పిలక వేయడమే రాదు. నిప్పు తగిలితే మొక్క మొత్తం పోతుంది, మళ్లీ గింజ నుంచి మొలవాల్సిందే.