గౌనులో ఉన్నది అబ్బాయేనా?

జర్మనీ పాతసామాన్ల సంతల్లో అట్టపెట్టెల నిండా వందేళ్లు దాటిన స్టూడియో ఫొటోలు దొరుకుతాయి. మందపాటి అట్టకి అంటించి, గోధుమరంగు తిరిగినవి. ఫొటోలో ఉన్నవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. స్టూడియో పేరు, ఊరు మాత్రం బంగారు అక్షరాల్లో ఉంటాయి. ఈ పెట్టెలు తిరగేసేవాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: లేసు కాలరు గౌను, గుండీల బూట్లు వేసుకుని కుర్చీ మీద నిలబడ్డ ఈ మూడేళ్ల బిడ్డ ఆడపిల్లా, మగపిల్లాడా?

చాలాసార్లు మగపిల్లాడే. ముందు పాపిడి చూడండి. పక్కకి తీస్తే అబ్బాయి, నడినెత్తిన తీస్తే అమ్మాయి. ఇది మోటు లెక్క, తప్పిన సందర్భాలూ ఉన్నాయి. తర్వాత చేతిలో ఏముందో చూడండి. కొరడాయో, కొయ్యగుర్రమో, బొమ్మ తుపాకో ఉంటే సందేహం దాదాపు తీరినట్టే.

మరి గౌనెందుకు? అప్పటి లాగులకి అన్నీ గుండీలే. అవసరం ముంచుకొచ్చినప్పుడు మూడేళ్లవాడు వాటిని విప్పుకోలేడు. గౌనైతే పైకెత్తితే సరి. పైగా అంచు దగ్గర మడతలు వేసి కుట్టి, పిల్లాడు పెరిగేకొద్దీ ఒక్కో మడత విప్పేవాళ్లు. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి ఫొటో తీయించడం గుర్తొస్తుంది కానీ, అది ఒక్క పూట ముచ్చట. వీళ్లకి గౌను రోజూ తొడిగే బట్ట. సుమారు మూడు నుంచి అయిదేళ్ల మధ్య ఎప్పుడో లాగు తొడిగేవాళ్లు, ఇంట్లో అదొక పండగ.

లాగు వచ్చాక వెంటబడేది నావికుడి సూటు. వెనక చదరంగా వేలాడే వెడల్పు కాలరు, దాని అంచున తెల్ల చారలు, ఛాతీ మీద ముడివేసిన నల్ల గుడ్డ. సముద్రం మొహం ఎరగని సాక్సనీ పట్నాల్లో కూడా పిల్లలందరూ నావికులే. ఎందుకు? మొదలైంది ఇంగ్లండులో. 1846లో విక్టోరియా రాణి నాలుగేళ్ల కొడుక్కి ఆ బట్టలు తొడిగితే వింటర్‌హాల్టర్ బొమ్మ గీశాడు. ఆ రాణి మనవడే జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్. ఆయనకి యుద్ధనౌకల పిచ్చి. 1898లో నౌకాదళ చట్టం వచ్చింది, అదే ఏడు దళాన్ని ప్రచారం చేసే సంఘమూ పుట్టింది. ఆ మోజు పిల్లల బట్టల్లోకి దిగింది. నౌకాశ్రయం కీల్ పేరు మీద ‘కీలర్’ సూటు అనేవాళ్లు. స్టుట్‌గార్ట్‌లో 1889లో విల్హెల్మ్ బ్లైలే పెట్టిన అల్లిక కంపెనీ ఉన్ని సూట్లు తయారుచేసింది. దేశభక్తి మాట అటుంచితే, అమ్మలకి నచ్చిన కారణం ఇంకోటి ఉందని నా అనుమానం: గంజి కాలరు లేదు, టై లేదు, పైనుంచి తొడిగేస్తే అయిపోయింది.

టోపీ రిబ్బను మీద అక్షరాలుంటే భూతద్దం తీయండి. ‘ఎస్.ఎమ్.ఎస్.’ అంటే చక్రవర్తివారి ఓడ, మన ఫోన్ సందేశం కాదు. పక్కన ‘ఎమ్డెన్’ అని ఉంటే ఆ ఫొటో 1908 కంటే పాతది కాదు, ఆ క్రూయిజర్ నీళ్లలో దిగిందే ఆ ఏడాది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి, చమురు ట్యాంకుల్ని తగలబెట్టింది ఆ ఓడే. ఆ దెబ్బకి మద్రాసు జనం పెట్టేబేడా సర్దుకుని ఊరొదిలారు.

పిల్లలకి ఈ వేషాలు ఇష్టమేనా? 1892లో బెర్లిన్‌లో పుట్టిన విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1931లో ఫొటోగ్రఫీ చరిత్ర మీద ఒక వ్యాసం రాశాడు. రంగు పూసిన మంచుకొండల తెర ముందు టిరోల్ కొండవాసిలా, నున్నటి స్తంభానికి ఆనుకున్న నావికుడిలా తమనీ నిలబెట్టారని అందులో ఎత్తిపొడుస్తాడు. ప్రాగ్‌లో తీసిన, రచయిత కాఫ్కా చిన్ననాటి ఫొటో గురించీ రాశాడు: ఆరేళ్ల పిల్లాడు, అల్లిక పట్టీలు దట్టంగా కుట్టిన ఇరుకు సూటు, చేతిలో పెద్ద టోపీ, చుట్టూ తాటాకులు, దిగులు కళ్లు. అందుకే కొండవాసుల తోలు లాగు వేసుకున్న బెర్లిన్ పిల్లాడు కనిపిస్తే వాడిది బవేరియా అనుకోకండి. సెలవులకి కొండలకి వెళ్లొచ్చిన ముచ్చటో, స్టూడియోలో తొడిగిన వేషమో కావచ్చు.

రంగుల సంగతి ఇంకా తిరకాసు. పాత ఫొటో పలకలకి నీలి వెలుగే అందేది. కాబట్టి లేత నీలం సూటు తెల్లగా, ఎర్ర గౌను నల్లగా వస్తాయి. హెర్మన్ ఫోగెల్ 1873లో బెర్లిన్‌లో పలకకి రంగు అద్దకం కలిపి దీనికి దారి కనిపెట్టాడు. స్టూడియోలన్నిటికీ అది చేరడానికి ఏళ్లు పట్టింది. అందుకే సంతాపం బట్టలని తేల్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

కాలం తేల్చడానికి బట్టలకంటే ముందు అట్ట పనికొస్తుంది. అరచేతిలో ఇమిడే ఆరు బై పది సెంటీమీటర్ల కార్డుకి పారిస్‌లో దిస్‌దెరి 1854లో పేటెంటు తీసుకున్నాడు. పదకొండు బై పదహారున్నర పెద్ద కార్డు 1866 నుంచి వచ్చింది. వెనక స్టూడియోవారి బహుమతి పతకాలు ఏడాదితో సహా అచ్చయి ఉంటే, అన్నిటికంటే కొత్త పతకం చూడండి. ఫొటో అంతకు ముందుది కాదు.

మళ్లీ పిల్లాడి దగ్గరికొస్తే, పద్నాలుగో ఏట ప్రొటెస్టంటు ఇళ్లలో కన్ఫర్మేషన్ అనే చర్చి వేడుక. అక్కడితో చాలామందికి బడి కూడా అయిపోయేది, మర్నాటి నుంచి పనే. ఆ ఫొటోలో నల్ల సూటు, చాలామందికి మొదటి పొడుగు ప్యాంటు, గుండీ కన్నంలో పూలరెమ్మ, చేతిలో కీర్తనల పుస్తకం. ఎదిగే పిల్లాడని కొలత కంటే పెద్దదే కుట్టించేవాళ్లు. భుజం కుట్టు భుజం దాటి జారి ఉంటుంది, కోటు చేతులు వేళ్ల కణుపుల దాకా వస్తాయి. పుస్తకం పట్టుకున్న చేతి నుంచి మూడు వేళ్లు మాత్రం బయటికి కనిపిస్తాయి.